జీపు మన కొండలకి ఎలా వచ్చింది, మన కల్లంలోకి ఎలా దిగింది



మా కల్లంలో విప్పి పెట్టిన పాత జీపు ఫోటో పెట్టాక చాలామంది రెండు మాటలే అడిగారు. ఒకటి, "తూకానికి వేసీకుండా దీనికి ఇంత ఖర్చెందుకు?" అని. రెండోది, "రంగు ఏటి వేస్తున్నారు? మిలట్రీ పచ్చ వేసి బానెట్ మీద తెల్ల నక్షత్రం పెట్టండి, అదిరిపోద్ది" అని. ఈ రెండిటికీ నా దగ్గర జవాబు ఒక్కటే. అది చెప్పాలంటే జీపు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి ఎలా వచ్చిందో మొదట చెప్పుకోవాలి. పొడుగు పోస్టే. పని అయ్యాక, తీరిగ్గా చదవండి.

అమెరికాలో పుట్టుక

1940లో యూరప్‌లో యుద్ధం ముదిరింది. అమెరికా సైన్యానికి అప్పటిదాకా గుర్రాలూ, పక్కతొట్టి మోటారుసైకిళ్ళూ చేసే పనికి ఒక తేలిక బండి కావాలి. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందాలి, బురదలో దిగబడకూడదు. 135 కంపెనీలకి కబురు పెడితే బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ సెప్టెంబరులోనే మొదటి నమూనా చేసి తెచ్చింది. కానీ వేలకి వేలు బళ్ళు చేసే తాహతు దానికి లేదు. సైన్యం ఆ నమూనాని విల్లీస్, ఫోర్డు కంపెనీలకి కూడా చూపించింది. చివరికి విల్లీస్ వాళ్ళ ఇంజను నెగ్గింది. 2199 సీసీ, నాలుగు సిలిండర్లు, 60 హార్స్‌పవర్. యుద్ధం ముగిసేసరికి విల్లీస్, ఫోర్డు కలిసి ఆరు లక్షలకి పైగా బళ్ళు చేశాయి.

జీపు అనే పేరు ఎలా వచ్చిందో ఇప్పటికీ తగువే. ఫోర్డు వాళ్ళ బండి గుర్తు జీ, పీ అక్షరాలు, అదే నోట్లో నలిగి జీపు అయిందని కొందరు. పొపాయ్ బొమ్మల కథల్లో ఎక్కడికైనా దూరిపోయే జీప్ అనే జంతువు ఒకటి ఉండేది, సిపాయిలు ఆ పేరే పెట్టుకున్నారని కొందరు.

మన రైతులు గుర్తుపెట్టుకోవలసింది దాని తర్వాత సంగతి. 1945లో యుద్ధం అయిపోవస్తుంటే విల్లీస్ కంపెనీకి దిగులు పట్టుకుంది. ఇక ఈ బళ్ళు ఎవరు కొంటారు? అప్పుడు సీజే-2ఏ అని పౌరుల జీపు తెచ్చారు. సీజే అంటే సివిలియన్ జీపు. దాన్ని ముఖ్యంగా రైతులకే అమ్మజూపారు. ఇదే దుక్కి దున్నుతుంది, ఇదే సరుకు సంతకి తీసుకెళ్తుంది, వెనక పీటీఓ పెట్టుకుంటే మిషన్లు కూడా తిప్పుతుంది అని ప్రచారం చేశారు. అంటే అక్కడ జీపు సిపాయి చేతిలోంచి నేరుగా రైతు చేతికి వచ్చింది.

మన దగ్గర అలా జరగలేదు. మన దగ్గర అది సిపాయి చేతిలోంచి ఆఫీసరు చేతికి వెళ్ళింది. రైతు చేతికి రావడానికి ఇంకో పాతికేళ్ళూ, ముప్ఫై ఏళ్ళూ పట్టింది. నేను చెప్పబోయే కథంతా ఈ తేడాలోనే ఉంది.

బొంబాయికి వచ్చింది

1945లో జగదీశ్ చంద్ర మహీంద్రా, కైలాశ్ చంద్ర మహీంద్రా అనే అన్నదమ్ములు, మాలిక్ గులాం మహమ్మద్ అనే ఆయనతో కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ అని కంపెనీ పెట్టారు. మొదట ఉక్కు వ్యాపారం. దేశం రెండయ్యాక గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. బొంబాయి మజగావ్‌లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. తర్వాత లైసెన్సు మీద ఇక్కడే తయారుచేశారు.

మనవాళ్ళు ఎక్కువగా చూసిన జీపు సీజే-3బీ. 1953లో విల్లీస్ దాన్ని తెచ్చింది. ఇంజను పొడుగు పెరిగింది కాబట్టి బానెట్ కూడా ఎత్తు పెంచవలసి వచ్చింది. ఎదర నుంచి చూస్తే నుదురు పెద్దదిగా కనిపిస్తుంది చూడండి, అదే. అమెరికాలో 1968లో దాన్ని ఆపేశారు. మన దేశంలో అదే పోలిక బళ్ళు ఆ తర్వాత దశాబ్దాలపాటు వచ్చాయి. 2010లో మేజర్ ఆగిపోయి థార్ వచ్చేదాకా ఆ వంశం పోలేదు.

కొండకి ఎందుకు జీపే కావలసి వచ్చింది

మన జిల్లాలు ఎలా ఉంటాయో బయటవాళ్ళకి చెప్పాలి. తూర్పున సముద్రం, నడుమ నాగావళి, వంశధార, చంపావతి, గోస్తని పారే మైదానం, పడమట తూర్పు కనుమలు. 1931 నాటికే రాయపూర్-విజయనగరం రైలుమార్గం పూర్తయ్యి పార్వతీపురం మీదుగా బళ్ళు నడిచాయి. కానీ స్టేషను దిగాక కొండ మీదకి దారి ఏది? కాలిబాట. సీతంపేట, భద్రగిరి, కురుపాం, పాచిపెంట కొండల్లో సవర, జాతాపు, గదబ గూడేలకి వెళ్ళాలంటే గెడ్డలు దాటాలి. వానకాలం నాలుగు నెలలు గెడ్డ పొంగితే అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే.

1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లాని విడదీసి శ్రీకాకుళం జిల్లా చేశారు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చింది. మొన్న 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. జిల్లా చిన్నదైతే ఆఫీసు దగ్గరపడుతుంది నిజమే. కానీ ఆఫీసుకీ గూడేనికీ మధ్య ఆఖరి పది మైళ్ళు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే సమస్య. ఆ పది మైళ్ళకి దొరికిన చక్రం జీపు.

ఎందుకు జీపే ఎక్కిందో విప్పి చూస్తే తెలుస్తుంది. దీనికి గేరుపెట్టె కాక, దాని వెనక ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. పాత జీపులో డ్రైవరు పక్కన మూడు కర్రలు కనిపిస్తాయి. ఒకటి మామూలు గేరు, ఒకటి ముందు చక్రాలకి బలం కలపడానికి, ఒకటి లో గేరుకి. లెక్క చెప్తాను. సీజే-3బీలో యాక్సిల్ దగ్గర నిష్పత్తి 5.38. అంటే టాప్ గేరులో ఇంజను సుమారు అయిదున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఫస్టు గేరు నిష్పత్తి సుమారు 2.8, లో గేరు 2.46. ఈ మూడూ గుణిస్తే 37. అంటే ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. మనిషి నడకంత నిమ్మళంగా పోతుంది, కానీ బలం 37 రెట్లు. ఎక్కేటప్పుడు ఇదే లాగుతుంది. దిగేటప్పుడు ఇదే పట్టి ఆపుతుంది. ఘాటీ దిగుతూ బ్రేకు తొక్కుతూనే ఉంటే డ్రమ్ములు కాలి బ్రేకు అందదు. లో గేరులో పెడితే ఇంజనే బండిని పట్టుకుంటుంది.

ఇంకో సంగతి. ఫోర్‌వీలు ఎప్పుడూ వేసి ఉంచితే మంచిది కదా అని కుర్రాళ్ళు అడుగుతారు. ఈ పాత జీపుల్లో అది కుదరదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు నడిచే దూరం వేరు, వెనక చక్రాలు నడిచే దూరం వేరు. ఫోర్‌వీలు వేస్తే ముందూ వెనకా ఒకే లెక్కన తిరగాలి. బురదలో అయితే ఏదో ఒక చక్రం జారి సర్దుకుంటుంది. ఎండిన తారురోడ్డు మీద జారదు, ఆ మెలిక అంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. ట్రాక్టరుకి డిఫరెన్షియల్ లాక్ వేసి రోడ్డు మీద మలుపు తిప్పితే ఏమవుద్దో తెలిసిన రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

సమితి జీపు, మలేరియా జీపు, పోలీసు జీపు

1952 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమాజ వికాస పథకం మొదలుపెట్టింది. తాలూకాలని బ్లాకులుగా చేసి ఒక్కో బ్లాకుకి ఒక బీడీఓ, ఆయన కింద గ్రామసేవకులు. బీడీఓకి ఒక జీపు. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులొచ్చాయి, ఆ జీపు సమితి జీపు అయింది. మా నాన్నగారి తరం వాళ్ళకి గవర్నమెంటు అంటే కనిపించే రూపం అదే. తెల్ల ఎరువు గురించి, కొత్త విత్తనం గురించి మొదటిసారి విన్నది ఆ జీపు దిగినవాళ్ళ దగ్గరే. 1986-87 నాటికి సమితులు పోయి మండలాలొచ్చాయి కానీ, మా ఊరి ముసలోళ్ళు ఇప్పటికీ ఏ గవర్నమెంటు బండి వచ్చినా "సమితి జీపొచ్చినాది" అనే అంటారు.

రెండోది మలేరియా జీపు. ఏజెన్సీ జ్వరం అంటే మైదానంలోని ఉద్యోగులు హడలిపోయేవారు. అటు బదిలీ అంటే శిక్ష కింద లెక్క. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. డీడీటీ పొడి డబ్బాలు, పంపులు, కొట్టే మనుషులు గూడేల దగ్గరికి చేరాలంటే మళ్ళీ జీపే. మశూచి టీకాలూ అంతే. 1975 తర్వాత మన దేశంలో మశూచి కేసు లేదు. టీకా వేసిన చెయ్యిని అందరం గుర్తుపెట్టుకుంటాం. ఆ చెయ్యిని గెడ్డ దాటించిన బండిని ఎవరూ తలచుకోరు.

మూడోది చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు హతమయ్యారు. భూములు, అప్పులు, వెట్టి మీద అప్పటికే రగులుతున్న కొండలో ఆ తర్వాత శ్రీకాకుళ గిరిజన పోరాటం లేచింది. మూడేళ్ళపాటు ఆ దారుల్లో తిరిగినవి పోలీసు జీపులు. కొండ మనిషికి జీపు చప్పుడు అంటే అర్థం మారిపోయింది. మా చెరకు నరకడానికి వచ్చే ఒక సవర పెద్దాయన చెప్పేవాడు. "బాబూ, దూరం నుంచి జీపు మోత ఇంటే మా అమ్మ మమ్మల్ని కొండ మీదికి తోలీసేది. మందిచ్చే జీపో, కొట్టే జీపో దగ్గరికొచ్చేదాకా తెల్దు కదా." ఈ ఒక్క మాటలో ఉన్నంత చరిత్ర పెద్ద పుస్తకాల్లో కూడా తక్కువ. ఒకే బండి, ఒకే ఇంజను మోత. దిగే మనిషిని బట్టి అది మేలో కీడో అయ్యేది.

ఆ పోరాటం తర్వాతే గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో వన్ ఆఫ్ సెవెంటీ చట్టం గట్టిపడింది. ఆ తర్వాత పార్వతీపురం, సీతంపేటల్లో ఐటీడీఏలు వచ్చాయి. వాటికీ జీపులే. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ సంతల్లో చింతపండు, అడ్డాకు, కొండచీపుర్లు కొనేది. ఆ అధికార్లు సంతకి వచ్చేది కూడా జీపులోనే.

వేలం పాటలో రైతు చేతికి

ప్రభుత్వ జీపు ఎన్నాళ్ళో ఉండదు. కొన్నేళ్ళు తిరిగాక కండెమ్ చేసి వేలం వేస్తారు. 1970ల చివర, 80లలో మావైపు రైతులకి జీపు దొరికింది ఈ వేలం పాటల్లోనే. కొత్త జీపు కొనే స్తోమతు ఎవరికుండేది? పాత సమితి జీపుని నలుగురు కలిసి పాడుకొని తెచ్చుకునేవారు.

తెచ్చాక మొదటి సమస్య పెట్రోలు. 1973-74లో అరబ్బు దేశాల గొడవతో ప్రపంచంలో చమురు ధర నాలుగింతలయింది. పెట్రోలు జీపు తోలడం ఏనుగుని మేపినట్టే అయింది. అప్పటి నుంచీ మెల్లగా డీజిల్ కాలం మొదలయింది. ఇక్కడ మన రైతులకి సంబంధించిన ముచ్చట ఒకటి ఉంది. 1963లో మహీంద్రావాళ్ళు అమెరికాలోని ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్ల కంపెనీ పెట్టారు. బీ-275 ట్రాక్టరు అలా వచ్చిందే. డీజిలు జీపు చెయ్యవలసి వచ్చినప్పుడు అదే ఇంటర్నేషనల్ వంశపు 2350 సీసీ ఇంజను జీపులో పెట్టారు. తర్వాత 1979లో ఫ్రాన్సు పెజో కంపెనీతో ఒప్పందం చేసుకొని 2112 సీసీ డీజిలు ఇంజను తెచ్చారు. ఎమ్ఎమ్ 540 జీపులో ఉన్నది అదే. అమెరికాలో జీపు ట్రాక్టరు అవ్వాలని చూసింది. ఇక్కడ ట్రాక్టరు చుట్టం వచ్చి జీపులో కూర్చుంది.

పాత పెట్రోలు జీపులున్నవాళ్ళు కూడా ఇంజను మార్పించి డీజిలు పెట్టించుకున్నారు. వెనక బాడీ పొడుగు చేయించి, ఎదురెదురు బెంచీలు వేసి సర్వీసు జీపులు నడిపారు. పదిమంది ఎక్కాల్సిన చోట పాతికమంది. బానెట్ మీద ఇద్దరు, వెనక నిచ్చెన మీద నలుగురు, పైన అరటి గెలలు, కోళ్ళు. ప్రమాదాలు జరిగాయి, మనుషులు పోయారు, అది దాచక్కర్లేదు. కానీ బస్సు వెళ్ళని సంతలకి ముప్ఫై ఏళ్ళు జనాన్ని మోసింది ఆ జీపులే. పురిటి నొప్పులొచ్చిన ఆడమనిషిని గూడెం నుంచి డోలీలో మోసుకొచ్చి రోడ్డు మొదట్లో పెడితే, అక్కడి నుంచి ఆస్పత్రికి తెచ్చింది కూడా ఆ జీపే. డోలీ ఫోటోలు ఇప్పటికీ పేపర్లో వస్తున్నాయంటే ఆ దారి ఇంకా పూర్తవ్వలేదనే.

ఈ జీపులు ఇన్నాళ్ళు బతికాయంటే సాలూరు లాంటి ఊళ్ళ చలవ. సాలూరు లారీల ఊరని అందరికీ తెలుసు. కోరాపుట్, రాయపూర్ వైపు వెళ్ళే ఘాటీరోడ్డు మొదట్లో ఉంది. లారీ బాడీలు కట్టే షెడ్లు, కమాన్ కట్టలు సరిచేసేవాళ్ళు, లేతులు, రేడియేటర్ అతికేవాళ్ళు అంతా అక్కడే. ఆ మేస్త్రీలకి జీపు చిన్న పిల్ల లాంటిది.

మా కల్లంలో బండి ఏం చెప్పింది

ఇక మా బండి. ఆర్సీ ప్రకారం 1968 తయారీ, సీజే-3బీ. మొదటి యజమాని ఒక సమితి. వేలంలో పాడుకున్నది మా మేనమామగారు. పెట్రోలు ఇంజను తీసి 2350 సీసీ డీజిలు పెట్టించారు, ఆ మార్పు ఆర్సీలో రాయించారు కూడా. ఆయన పోయాక బండి చింతచెట్టు కింద పన్నెండేళ్ళు పడి ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఆ చెట్టు కొమ్మ విరిగి దీని మీదే పడింది. ముందు అద్దం ఫ్రేము వంగింది, లోపల నీళ్ళు నిలిచి ఫ్లోరు రేకు జల్లెడ అయిపోయింది.

ఇంట్లో విప్పడం మొదలుపెట్టాను. రబీ మినుము చల్లేశాక చేతికి కాస్త తీరిక దొరుకుతుంది కదా, అప్పుడు. మా టింకర్ మేస్త్రికి డెబ్భై ఏళ్ళు. ఆయన చెప్పిన మొదటి మాట: "బాబూ, ఏ బోల్టూ బలంతో తియ్యకు. కిరసనాయిలు పోసి రెండ్రోజులు వదిలీ. అదే వత్తాది." అలాగే చేశాను. ఊడిన ప్రతి బోల్టూ డబ్బాలో వేసి, పైన చాక్‌పీసుతో ఏ భాగానిదో రాసుకున్నాను. ఫోటోలు తీసుకున్నాను. ఎవరైనా ఇంటి దగ్గర ఈ పని చెయ్యాలనుకుంటే ఈ రెండూ తప్పకుండా చెయ్యండి. విప్పడం వారం పని, బిగించడం ఏడాది పని. ఏడాది తర్వాత ఏది ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

రంగు గీకుతుంటే పొరలు కనిపించాయి. పైన మేనమామ వేయించిన నీలం. దాని కింద తెలుపు. దాని కింద బూడిద రంగు. అన్నిటికన్నా అడుగున ఎర్ర ప్రైమరు, దాని కింద రేకు. ఎక్కడా మిలట్రీ పచ్చ లేదు. డోరు పక్కన బూడిద పొర మీద గరిటెతో మెల్లగా గీకితే పాత తెలుగు అక్షరాల ముక్క బయటపడింది. "...యతీ సమి..." అంతే మిగిలింది. మిగతాది తుప్పు తినేసింది. ఆ రోజు పని ఆపేశాను. ఆ ముక్కని అలాగే ఉంచాలని అప్పుడే అనుకున్నాను.

చాసీ చూశాం. ముందు కమాన్ బ్రాకెట్ల దగ్గర తుప్పు తిన్నచోట కోసి, అంత మందం ప్లేటే పెట్టి వెల్డింగ్ చేశాం. చాసీ నంబరు ఉన్నచోట మాత్రం గ్రైండర్ తగలనివ్వలేదు, అక్కడ చేత్తోనే బ్రష్ చేసి నూనె రాశాను. ఆ నంబరు పోతే బండికి పుట్టుకే లేనట్టు. స్టీరింగు కింగ్‌పిన్నులు, టైరాడ్ బాళ్ళు కొత్తవి. బ్రేకు విషయంలో మాత్రం పాతది అన్న మోజు పెట్టుకోలేదు. ఈ జీపుల్లో బ్రేకుకి ఒకే లైను. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. అందుకే పైపులు, హోసులు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ అన్నీ కొత్తవి వేశాం. ఒక కొట్టులో అసలుదని చెప్పి నకిలీ రబ్బరు కప్పులు అంటగట్టారు, బ్రేకు నూనెకి పది రోజుల్లో ఉబ్బిపోయాయి. మళ్ళీ వేరే చోట కొని మార్చాం. కప్పు బిగించాక వారం రోజులు బండి కదపకుండా ఉంచి చూస్తే ఇలాంటిది ముందే బయటపడుతుంది.

టైర్లు 6.00-16. మన ట్రాక్టర్లు చాలావాటికి ముందు టైరు సైజు ఇదే కాబట్టి, ఉన్నవి వేసీమని మా బావ అన్నాడు. వెయ్యకూడదు. ట్రాక్టరు ముందు టైరు నిమ్మళంగా నడిచే బండికి చేసింది. రోడ్డు మీద వేగానికి అది పనికిరాదు.

ఇంజను విప్పితే లోపల బాగుంది. రింగులు, బేరింగులు, నాజిల్ పని, పంపు కాలిబ్రేషను. ఇప్పటికి అంతా కలిపి లక్షా నలభై వేలు అయింది. మా అబ్బాయి లెక్క వేరు. "నాన్నా, ఇంకో లక్ష కలిపితే సెకండ్ హ్యాండు ట్రాలీ ఆటో వచ్చీది. కూరగాయలు రాజాం వేసుకుపోదుము" అంటాడు. వాడి లెక్క తప్పని నేను అనను. మూడెకరాల వాడికి లక్షా నలభై వేలు అంటే ఒక ఏడాది చెరకు మీద మిగిలేది. అందుకే ఇది సరదా అని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. సరదాకి అంత డబ్బు పెట్టకూడదు. ఈ బండి పొలానికి, తోటకి, సంతకి తిరగాలి. పని చెయ్యాలి.

చట్టం ఎక్కడ అడ్డు, ఎక్కడ దారి

చాలామంది పదిహేనేళ్ళు దాటిన బండి తోలకూడదు అనుకుంటున్నారు. అది ఢిల్లీ వైపు రూలు, మన దగ్గర కాదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. ఖర్చు మాత్రం పెరిగింది. కార్లు, జీపులకి ఆరు వందలు ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలు అయింది. ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో పది వేలు చేశారు.

యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి 2021 జూలైలో వింటేజ్ రూలు వచ్చింది. మొదటిసారి ఫీజు ఇరవై వేలు, నంబరు ప్లేటులో వీఏ అక్షరాలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ రెండు షరతులు. బండి మొదట ఎలా ఉందో అలాగే ఉండాలి. రోజూ తిప్పకూడదు, ప్రదర్శనలకి, ర్యాలీలకే. మా బండికి డీజిలు ఇంజను కాబట్టి ఆ దారి కుదరదు. కుదిరినా నాకు పనికిరాదు. పొలానికి వెళ్ళని జీపు నాకెందుకు?

ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడం కూడా కుదరదు. పంజాబ్, హర్యానాల్లో మండీ డబ్వాలీ లాంటి చోట్ల పాత భాగాలతో కొత్త రూపం జీపులు కట్టి అమ్ముతారు. చూడ్డానికి జోరుగా ఉంటాయి. కానీ కంపెనీ చేసిన ఆకారాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. కొనేముందు చాసీ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో సరిపోతున్నాయా చూసుకోండి. సరిపోకపోతే ఎంత చవకైనా వద్దు.

ఇంకో రూలు ఉంది. ఇది చరిత్రకి సంబంధించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ బళ్ళకి రెన్యువల్ లేదు. అవి గుర్తింపు ఉన్న స్క్రాప్ కేంద్రానికే వెళ్ళాలి. పొగకీ, ప్రమాదాలకీ ఇది మంచిదే, కాదనను. కానీ ఆఫీసరు దిగిన జీపు వేలంలో రైతు చేతికి రావడం అనే దారి దాంతో మూసుకుపోయింది. ఇప్పటికే మన పాకల్లో, చెట్ల కింద ఉన్నవే ఆఖరివి. అవీ కిలోల లెక్కన పోతే, ఆ బండ్ల మీద ఉన్న ఆ పాత అక్షరాలు కూడా పోతాయి.

రంగు సంగతి

ఇప్పుడు మీ రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పగలను. మిలట్రీ పచ్చ వెయ్యను. నక్షత్రం పెట్టను. ఈ బండి ఏ యుద్ధానికీ వెళ్ళలేదు. అమెరికా సైన్యం దీన్ని చూడను కూడా చూడలేదు. ఇది వెళ్ళింది గూడేలకి, సంతలకి, పోలింగు బూతులకి, పురుటి కేసులకి. దీని గొప్ప అక్కడుంది. లేని గొప్పని అరువు తెచ్చి పూస్తే ఉన్న గొప్ప కింద పడిపోతుంది.

బూడిద రంగు వేస్తున్నాను. డోరు పక్క ఆ అక్షరాల ముక్క చుట్టూ టేపు వేసి, దాన్ని మాత్రం ముట్టకుండా పైన పారదర్శక వార్నిష్ పూస్తాం. సమితి పేరు మళ్ళీ పూర్తిగా రాయించమని ఒకరు సలహా ఇచ్చారు. రాయించను. ప్రభుత్వ బండి కానిదాని మీద ప్రభుత్వ పేరు రాయడం చట్టానికీ విరుద్ధమే, నిజానికీ విరుద్ధమే. మిగిలిన ముక్క చాలు. డీజిలు ఇంజను కూడా తియ్యను. అది మా మేనమామ కాలం. బండికి ఒకటే వయసు ఉండదు, మనిషికి లాగే. సమితి కాలం ఒకటి, సర్వీసు కాలం ఒకటి, తుఫాను కాలం ఒకటి. అన్నీ కనపడనిస్తాను.

తూకానికి ఎందుకు వెయ్యలేదంటే, ఇనుము ధరకి వేస్తే ఎంత వస్తుందో మేస్త్రి, నేనూ లెక్క వేశాం. ఇప్పటికి పెట్టినదాంట్లో మూడో వంతు కూడా రాదు. పనిచేసే బండిగా ఉంటే ఇంకో పదేళ్ళు మా తోటకి ఎరువు, మా బస్తాలు మోస్తుంది. అది రైతు లెక్క. ఆ లెక్కలో చరిత్ర కూడా మిగిలితే అది పైపెచ్చు.

సంక్రాంతి అయ్యాక ఫిట్‌నెస్‌కి చూపించాలి. బ్రేకు, లైట్లు, పొగ, హారన్, స్టీరింగు అన్నీ చూస్తారు. పాసైతే ఇంకో అయిదేళ్ళు. కాకపోతే ఏది కాలేదో సరిచేసి మళ్ళీ వెళ్ళాలి. ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను.

ఒక మనవి. మీ ఊళ్ళో పాత సమితి జీపు, మలేరియా జీపు, సర్వీసు జీపు ఎవరి పాకలోనైనా ఉంటే, గీకే ముందు, అమ్మే ముందు నాలుగు పక్కలా ఫోటోలు తీసి ఉంచండి. దాన్ని నడిపిన డ్రైవరు బతికి ఉంటే ఏ దారిలో, ఏ గెడ్డ దాటి, ఎవర్ని ఎక్కించుకుని వెళ్ళాడో అడిగి రాసుకోండి. మన కొండదారుల చరిత్ర ఎవరూ రాయలేదు. అది ఆ డ్రైవర్ల దగ్గరే ఉంది, వాళ్ళకీ ఇప్పుడు డెబ్భై దాటాయి.

ఉంటాను. మినుముకి తెగులు మందు కొట్టాలి.